విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ: యుద్ధకాలపు పావు టన్ను ట్రక్కును అసలు రూపానికి తేవడం

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన పట్టికల్లో జీపును రాసుకున్న పేరు "ట్రక్కు, పావు టన్ను, 4x4". టొలెడోలో విల్లీస్-ఓవర్‌లాండ్ చేసింది ఎంబీ, అవే నక్షలతో ఫోర్డ్ చేసింది జీపీడబ్ల్యూ. 1941 చివర్లో మొదలై 1945 వరకు రెండూ కలిపి 6 లక్షలు దాటాయి. ఒక బండి భాగం ఇంకో బండికి పట్టి తీరాలన్నది సైన్యం పెట్టిన షరతు. యుద్ధరంగంలో అది ప్రాణాలు నిలిపింది. ఇప్పుడు అదే చిక్కు తెచ్చిపెడుతోంది. డిపోల్లో ఫోర్డ్ ఛాసిస్ మీద విల్లీస్ ఇంజను కూర్చుంది, విల్లీస్ బాడీకి ఫోర్డ్ బోనెట్ చేరింది. యుద్ధం ముగిశాక పౌర మోడల్ సీజే-2ఏ భాగాలు, ఫ్రాన్సులో తయారైన హాచ్కిస్ ఎం201 భాగాలు కూడా కలిశాయి. అందుకే స్పానర్ పట్టకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ ఛాసిస్ ఏ ఫ్యాక్టరీది, ఏ నెలది? ఏ గ్రిల్లు పెట్టాలి, ఏ చక్రం పెట్టాలి, ఏ బోల్టు పెట్టాలి అన్నవన్నీ దాన్ని బట్టే తేలతాయి.

ఛాసిస్‌ను గుర్తుపట్టడం

రేడియేటర్ కింద, ముందు స్ప్రింగుల మధ్య అడ్డంగా ఉండే కమ్మీని చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్. బోర్లించిన యు ఆకారపు రేకు కమ్మీ అయితే ఫోర్డ్. ఎంబీ నంబరు ఎడమ ముందు కమ్మీకి లోపలివైపు, బంపర్ వెనకాల రివిట్ చేసిన చిన్న ప్లేటు మీద ఉంటుంది. ఆ వరుస 100001తో మొదలవుతుంది. ఫోర్డ్ నంబరు ప్లేటు మీద ఉండదు. ఎడమ కమ్మీ పైఅంచు మీద, షాకబ్జర్ బ్రాకెట్‌కూ ఇంజను మౌంటుకూ మధ్య నేరుగా గుద్ది ఉంటుంది. తుప్పు కింద అది కనబడకపోతే గ్రైండర్ వాడవద్దు. రంగు తీసే రసాయనం రాసి, ఇత్తడి బ్రష్షుతో తోమి, టార్చి ఏటవాలుగా వేసి చూడండి. గ్రైండర్ ఒక్కసారి తగిలితే ఆ అంకెలు మళ్లీ రావు.

గ్లోవ్ బాక్సు తలుపు మీదున్న డేటా ప్లేట్లలో ఒకదానిపై సీరియల్ నంబరు, సైన్యానికి అప్పగించిన తేదీ ఉంటాయి. అయితే ఖాళీ నకలు ప్లేట్లు తెచ్చి ఎవరికి తోచిన అంకె వాళ్లు గుద్దుకోవడం మామూలే. ప్లేటుకూ ఛాసిస్‌కూ పొంతన కుదరకపోతే ఛాసిస్‌నే నమ్మండి.

ఇంజను బ్లాకు మీద పోతనంబరు (పోతపోసేటప్పుడే అచ్చులో వచ్చిన నంబరు) 638632 ఉంటే అది విల్లీస్. జీపీడబ్ల్యూ-6015 అని ఉంటే ఫోర్డ్. గుద్దిన ఇంజను నంబరు కుడివైపు ముందు, ఆయిల్ ఫిల్టర్ దగ్గరి చదునైన దిమ్మె మీద ఉంటుంది. ఫోర్డ్ బండి ఫ్యాక్టరీ దాటినప్పుడు ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ ఒకటే. విల్లీస్‌లో అవి వేర్వేరు. కాబట్టి ఎంబీలో రెండూ కలవలేదని ఇంజను మార్చేశారనుకోవడం పొరపాటు.

నెల తెలిశాక చూడాల్సినవి ఇవి. మొదటి సుమారు 25,800 ఎంబీలకు ఇనప పట్టీలు వెల్డ్ చేసిన గ్రిల్లు ఉండేది. తర్వాతివాటికి ఫోర్డ్ రూపొందించిన, తొమ్మిది చీలికల ప్రెస్ రేకు గ్రిల్లు వచ్చింది. వెనక ఎడమ రేకు మీద కంపెనీ పేరు ఉబ్బెత్తుగా కనిపించేది 1942 తొలినాళ్ల బళ్ల మీదే. మొదట్లో వచ్చిన ఎంబీలకు గ్లోవ్ బాక్సే లేదు. 1944 మొదట్నుంచి రెండు కంపెనీలకూ ఒకే రకం ఉమ్మడి బాడీ వచ్చింది. ఫోర్డ్ తన భాగాల మీద, బోల్టు తలల మీద కూడా, వంకీలు తిరిగిన ఎఫ్ అక్షరం వేసింది. దొరికిన ప్రతి ఎఫ్ బోల్టునూ విడిగా డబ్బాలో దాచండి. తల మీద గ్రేడు గీతలతో పసుపు జింకు మెరుపున్న కొత్త బోల్టు ఎంత గట్టిదైనా ఈ బండి మీద పరాయిదిగానే కనిపిస్తుంది.

రంగు గీకే ముందు

పాత రంగు పొరలు చూడకుండా బండిని నేరుగా ఇసుక బ్లాస్టింగ్‌కు పంపడం చాలామంది చేసే తప్పు. ఒకసారి పంపాక దిద్దుకోవడానికి ఉండదు. బోనెట్ రెండు పక్కలా సైన్యపు రిజిస్ట్రేషన్ నంబరు ఉండేది. పావు టన్ను ట్రక్కులకు అది 20తో మొదలవుతుంది. తొలి బళ్ల మీద దాన్ని మసక నీలంతో రాశారు, తర్వాత తెలుపుతో. ఛాసిస్ నంబరు చూసి ఈ నంబరును లెక్కగట్టే దారి లేదు, పాత రంగు పొరల్లోనే వెతకాలి.

600 నంబరు నీటి కాగితంతో, నీళ్లు పోస్తూ, అరచేతి వెడల్పున నెమ్మదిగా రుద్దండి. పొరలు ఒకదాని కింద ఒకటి ఉంగరాల్లా బయటపడతాయి. ఆలివ్ పొర మీద నీలమో తెలుపో కనబడగానే అక్కడ ఆపి, పక్కకు జరగండి. అంకె అంచు దొరికితే ట్రేసింగ్ కాగితం పరచి దించుకోండి. అంకె ఎత్తు, అంకెల మధ్య ఎడం, బోనెట్ అంచు నుంచి దూరం రాసిపెట్టుకోండి. పాత రంగులో సీసం ఉండొచ్చు కనుక పొడిగా రుద్దవద్దు. మాస్కు తప్పనిసరి. అసలు ఛాయ నమూనా కావాలంటే ఎండ తగలని చోట్లు చూడాలి: డేటా ప్లేట్ల వెనక, గ్లోవ్ బాక్సు లోపల, బ్రాకెట్లు కరుచుకుని ఉన్న చోట.

విప్పేటప్పుడు

ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరవి. కుడివైపు అలవాటుతో తిప్పితే స్టడ్డు తెగుతుంది. రెండు ముక్కల కంబాట్ రిమ్ము ఉంటే ముందు వాల్వు పిన్ను తీసి, గాలి పూర్తిగా పోయిందని రూఢి చేసుకున్నాకే రిమ్ము చుట్టూ ఉన్న నట్లు ముట్టుకోండి. గాలి ఉండగా ఆ నట్లు విప్పితే రిమ్ము ముక్క గుండులా ఎగిరొచ్చి మనిషిని చంపుతుంది.

ఈ బండికి డ్రమ్ము విడిగా రాదు. స్టడ్ల వెనక అంచు కొట్టి హబ్బుకు బిగించారు కనుక హబ్బుతో కలిపే రావాలి. డ్రైవ్ ఫ్లాంజి ఆరు బోల్టులు తీసి, షాఫ్టు లాగి, 2 1/16 అంగుళాల సాకెట్‌తో బేరింగు నట్లు విప్పాలి. డ్రమ్ము మార్చాల్సి వస్తే స్టడ్లను సుత్తితో కొట్టి తోయకండి, హబ్బు రంధ్రం వెడల్పవుతుంది. కొట్టిన అంచును ముందు కట్టరుతో కోసేశాకే ప్రెస్సుతో నెట్టాలి.

బ్రేకు లైనింగు, క్లచ్చు ప్లేటు, పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుందనే లెక్కలో పనిచేయండి. కంప్రెసర్ గాలి కొట్టవద్దు, తడిగుడ్డతో తుడవండి.

ఛాసిస్, స్ప్రింగులు

చక్రాల మధ్య దూరం రెండు పక్కలా 80 అంగుళాలు, అంటే 2032 మిల్లీమీటర్లు రావాలి. ముందు స్ప్రింగు హ్యాంగర్ల నుంచి వెనక హ్యాంగర్లకు ఐమూలగా రెండు కొలతలు తీయండి. తూకపు దారం వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తుపెట్టుకుని కొలిస్తే టేపు వంకర పోదు. రెండు ఐమూలలకూ 3 మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే ఛాసిస్ మెలిపడిందని అర్థం. బాడీ ఎక్కించాక దాన్ని సరిచేయడం కుదరదు.

పగుళ్లు ఎక్కువగా కనిపించేది ఎడమ కమ్మీకి స్టీరింగు బాక్సు బిగించిన చోట, ముందు స్ప్రింగు హ్యాంగర్ల దగ్గర, వెనక చివరి అడ్డకమ్మీ మూలల్లో. తుప్పు తీసి డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపే రంగు ద్రవం) వేసి చూడండి. పగులు చివర చిన్న రంధ్రం వేసి, వి ఆకారంలో చెక్కి, వెల్డ్ చేసి, చదును చేయాలి. పైన పట్టీ అతికిస్తే బలం వస్తుందేమో కానీ అసలు రూపం పోతుంది. హాచ్కిస్ ఛాసిస్‌ను పట్టించేవి కూడా అలాంటి అదనపు బలపు పట్టీలే. వదులైన రివిట్లను వేడి రివిట్లతోనే మార్చాలి.

ముందు స్ప్రింగు కట్టకు ఎనిమిది పట్టీలు, వెనక కట్టకు తొమ్మిది, వెడల్పు 1 3/4 అంగుళాలు. ముందు ఎడమ కట్టా కుడి కట్టా ఒకటి కావు. బరువు ఎడమవైపు ఎక్కువ పడుతుంది కనుక ఆ కట్ట గట్టిగా ఉంటుంది. రెండూ తారుమారైతే బండి ఒక పక్కకు ఒరిగి నిలబడుతుంది, కారణం ఎంత వెతికినా అంతుచిక్కదు. స్ప్రింగు కొసను ఛాసిస్‌కు కలిపే యు షాకిళ్లలో కొన్నింటికి ఎడమ మర ఉంటుంది. షాకిల్ మీద చిన్న బుడిపె, బుష్షు తల చుట్టూ గాడి ఉంటే అది ఎడమ మరది. మర కలపకుండా బలవంతంగా బిగిస్తే రెండూ చెడతాయి.

ఇంజను

నాలుగు సిలిండర్ల సైడ్ వాల్వు ఇంజను. బోరు 3 1/8 అంగుళాలు (79.4 మి.మీ.), స్ట్రోకు 4 3/8 అంగుళాలు (111.1 మి.మీ.), 134.2 ఘనపుటంగుళాలు, కంప్రెషన్ 6.48, నిమిషానికి 4000 చుట్ల వద్ద 60 హార్స్ పవర్. సీజే-3బీకి వచ్చిన ఎత్తు ఇంజను ఈ బోనెట్ కింద పట్టదు. సీజే-2ఏ ఇంజను పడుతుంది, పైకి తేడా తెలియదు. పోతనంబరే పట్టిస్తుంది.

బ్లాకును ముందు వేడి ట్యాంకులో కడిగించండి. ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ తీసి, పొడుగు బ్రష్షుతో తోమాలి. బ్లాకుకు ఇసుక బ్లాస్టింగ్ వద్దు. ఒక్క రేణువు దారిలో మిగిలినా కొత్త బేరింగులను గీరేస్తుంది. తర్వాత పగుళ్ల పరీక్ష. చలిలో నీళ్లు గడ్డకట్టి పక్కగోడ పొడుగునా చీలడం ఒక రకం, ఎగ్జాస్ట్ వాల్వు సీటుకూ బోరుకూ మధ్య పగలడం రెండో రకం. మొదటిది కుట్టుపనితో (పగులు పొడుగునా లోహపు పిన్నులు బిగించడంతో) నిలుస్తుంది. రెండోదానికి సీటు, స్లీవు రెండూ వేయించాల్సి వస్తుంది. ఆ ఖర్చు పెట్టే ముందు ఇంకో బ్లాకు దొరుకుతుందేమో చూడండి.

బోరును డయల్ గేజుతో పైన, నడుమ, కింద, రెండు దిక్కులా కొలవండి. పైకీ కిందికీ తేడా 5 థౌ దాటితే కొత్త రింగులు మాత్రమే వేసి సరిపెట్టలేరు, బోరింగ్ చేయించాల్సిందే. (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.025 మి.మీ.) సైన్యపు మరమ్మతు లెక్కలో ఓవర్‌సైజు హద్దు 40 థౌ. పిస్టన్లు చేతికి వచ్చాక, వాటిని కొలిచాకే బోరింగ్ చేయించాలి. డబ్బా మీద రాసిన కొలతను నమ్మి బోరు కోయిస్తే సరిపోకపోవచ్చు. పిస్టన్‌కూ బోరుకూ మధ్య 3 థౌ ఫీలర్ పట్టీని స్ప్రింగు తూకంతో లాగితే 5 నుంచి 10 పౌండ్ల బిగువు చూపాలి.

క్రాంకు రాడ్ జర్నల్ అసలు కొలత 1 15/16 అంగుళాలు, మెయిన్ జర్నల్ సుమారు 2.334. మెయిన్ బేరింగులు మూడే. క్రాంకు ముందువెనకల ఆట 4 నుంచి 6 థౌ ఉండాలి. దాన్ని ముందువైపు చైను పళ్లచక్రం వెనకున్న షిమ్ములతో సరిచేస్తారు. ఈ షిమ్ములు పాత గ్రీజుతో అంటుకుని చెత్తలో పోతుంటాయి, విప్పగానే దారానికి గుచ్చి పెట్టండి. ఈ ఇంజనులో క్యామ్‌షాఫ్టును తిప్పేది చైను. యుద్ధం తర్వాతి ఇంజన్లలో చైను స్థానంలో గేర్లు వచ్చాయి. పాత చైను ముందుమూత తెరిస్తే గేర్లు కనిపించాయంటే లోపలి సరుకు తర్వాతి కాలానిదన్నమాట.

బిగింపు లెక్కలు ఫుట్-పౌండ్లలో: మెయిన్ క్యాపులు 65–70, రాడ్లు 50–55, ఫ్లైవీలు 36–40, హెడ్డు 60–65. హెడ్డును నడిమి నుంచి చివరలకు, మూడు దఫాలుగా బిగించండి. వెనక మెయిన్ క్యాపు పక్కల్లో దూర్చే రబ్బరు ముక్కలు బ్లాకు అంచుకు కింద పావు అంగుళం పొడుచుకు రావాలి. కనబడిన కొసను కోసేస్తే ఆయిల్‌పాన్ నొక్కడానికి ఏమీ మిగలదు, క్లచ్చు మీదికి నూనె కారుతుంది. "జీపుకు నూనె కారడం సహజం" అనే మాట ఎక్కువగా ఇక్కడి నుంచే పుట్టింది.

ట్యాపెట్ సందు, చల్లగా ఉన్నప్పుడు, ఇంటేకు, ఎగ్జాస్టు రెండింటికీ 14 థౌ. ఫైరింగ్ వరుస 1-3-4-2. ప్లగ్గు సందు 30 థౌ, పాయింట్ల సందు 20 థౌ. టైమింగు పిస్టన్ పైకొసకు 5 డిగ్రీల ముందు. గుర్తు ఫ్లైవీలు మీద ఉంటుంది, హౌసింగ్ కంత మూత జరిపి చూడాలి. కార్బురేటర్ కార్టర్ డబ్ల్యూఓ 539ఎస్. ఫ్లోటు ఎత్తు 3/8 అంగుళం. ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రకపు రబ్బరును మెత్తబరుస్తుంది కాబట్టి పంపు డయాఫ్రం, గొట్టాలు ఇప్పటి సరుకువే వేయండి. పైకి కనబడని చోట ఇది తప్పు కాదు.

గేరుబాక్సు నుంచి చక్రాల దాకా

గేరుబాక్సు టీ-84, మూడు గేర్లు, మొదటిదానికి సింక్రో లేదు. గేరు జారిపోతుంటే పళ్లు మార్చే ముందు బెల్ హౌసింగ్ బోల్టులు, షిఫ్ట్ ఫోర్కుల అరుగుదల చూడండి. ముందు, వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు స్పైసర్ 18. లోపలి మధ్య షాఫ్టును మైక్రోమీటర్‌తో కొలవండి. యుద్ధకాలపుదైతే 3/4 అంగుళం. 1 1/8 ఉంటే కేసు తర్వాతి కాలానిది. ఆ సన్నటి షాఫ్టు త్వరగా అరుగుతుంది, రోలర్ల గాడి పడితే మార్చడమొక్కటే దారి. వెనక అవుట్‌పుట్ షాఫ్టు ఆట 4–8 థౌ, షిమ్ములతో. గేరుబాక్సులో మట్టం తగ్గి ట్రాన్స్‌ఫర్ కేసులో పెరుగుతుంటే రెండింటి మధ్య సీలు పోయిందని అర్థం.

గేరుబాక్సుకు 0.7 లీటరు, ట్రాన్స్‌ఫర్ కేసుకు 1.4, ఒక్కో యాక్సిల్‌కు 1.2 లీటర్లు ఎస్ఏఈ 90 నూనె పడుతుంది. గేరుబాక్సులో ఇత్తడి జాతి రింగులున్నాయి, ఇత్తడిని తినని జీఎల్-4 రకమే పోయండి. ఇంజనులో 4 క్వార్టులు (3.8 లీటర్లు), నీళ్లు 11 క్వార్టులు (10.4 లీటర్లు).

యాక్సిళ్ల నిష్పత్తి 4.88. ముందూ వెనకా ఒకటే ఉండాలి. తర్వాతి కాలపు యాక్సిల్ ఒకటి మార్చి వేస్తే 4x4 వేసినప్పుడు రెండూ ఒకదాన్నొకటి లాగి కేసును పగలగొడతాయి. చేతితో తిప్పి లెక్కపెట్టి రూఢి చేసుకోండి. క్రౌను పినియన్ల బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఆట) 5–7 థౌ. కింగ్ పిన్ బేరింగుల షిమ్ములు 3, 5, 10, 30 థౌ మందాల్లో ఉంటాయి. పైనా కిందా సమానంగా పంచాలి, లేకపోతే జాయింటు నడిమి నుంచి తప్పుతుంది. టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగే కొలత) 3/64 నుంచి 3/32 అంగుళం, క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలు) 3 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పైభాగం బయటికి వాలు) 1 1/2 డిగ్రీలు. బండి రోడ్డు మీద ఊగులాడితే స్టీరింగు బాక్సును నిందించేలోపు, ముందు కమ్మీ నడుమనున్న బెల్ క్రాంకును (స్టీరింగు కదలికను చక్రాల కడ్డీలకు మళ్లించే చేతిని) చేత్తో ఊపి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

బ్రేకులు

డ్రమ్ము 9 అంగుళాలు. మాస్టర్ సిలిండరు 1 అంగుళం, ముందు వీల్ సిలిండర్లు 1 అంగుళం, వెనకవి 3/4. నాలుగింటికీ 1 అంగుళానివి వేసిన బళ్లు చాలా ఉన్నాయి. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే పట్టేసి బండి పక్కకు తిరుగుతుంది. షూ కింది కొస సందు 5 థౌ, పై కొస 8 థౌ. బ్రేకు పెడలు ఖాళీ ఆట అర అంగుళం, క్లచ్చుకు ముప్పావు అంగుళం. హబ్బు బేరింగును తిప్పుతూ పట్టేసేదాకా బిగించి, ఆరో వంతు చుట్టు వదలండి.

కరెంటు

6 వోల్టులు, డైనమో 40 ఆంపియర్లు. దీన్ని 12కు మార్చేవాళ్లు చెప్పే కారణం సెల్ఫ్ మెల్లగా తిరుగుతుందని. అసలు తప్పు తీగల్లో ఉంటుంది. 12 వోల్టుల బండి బ్యాటరీ కేబుల్ సన్నం, 6 వోల్టులకు కరెంటు రెట్టింపు పోవాలి. లావుపాటి రాగి కేబుళ్లు వేసి, ఇంజను నుంచి ఛాసిస్‌కు అల్లిక పట్టీలు శుభ్రంగా బిగిస్తే 6 వోల్టులే సరిపోతాయి. వైరింగు గుడ్డ అల్లిక తొడుగుదే కావాలి. వెనక దీపాల్లో ఎడమదానిలోనే మామూలు లైటు, స్టాప్ లైటు ఉంటాయి. కుడిది బ్లాకౌట్ దీపం (శత్రువు కంట పడకుండా మసకగా వెలిగేది) మాత్రమే. అందంగా ఉంటుందని రెండూ ఒకేలా పెట్టకండి. డైనమో కొత్తగా కట్టాక, ఇంజను స్టార్టు చేసేముందు రెగ్యులేటర్ బ్యాటరీ, ఆర్మేచర్ మొనలను తీగముక్కతో క్షణం తాకించండి. లేకపోతే ధ్రువం తిరగబడి పాయింట్లు కాలతాయి.

బాడీ, రంగు

నేల రేకు కింద టోపీ ఆకారపు చానళ్లలో చెక్క బద్దలు పెట్టారు. అవి నీళ్లు పీల్చి లోపలి నుంచి రేకును తినేశాయి. పైన లప్పం వేసి కప్పితే రెండేళ్లలో బుడగలొస్తాయి. చానల్ కోసి, బద్ద మార్చి, లోపల జింకు ప్రైమర్ పూసి, స్పాట్ వెల్డింగ్ ఎక్కడెక్కడ ఉందో అక్కడే తిరిగి వేయండి. కొత్తగా చేసి అమ్మే బాడీ కొంటే రంగు వేయకముందే ఛాసిస్ మీద కూర్చోబెట్టి, బోనెట్, అద్దం ఫ్రేము, గ్రిల్లు అన్నీ బిగించి చూడాలి. రంధ్రాలు తప్పడం తరచూ జరుగుతుంది.

రంగు మెరుపులేని ఆలివ్ డ్రాబ్. ఇప్పుడు వాడే 33070 సంఖ్య యుద్ధం తర్వాత వచ్చిన అమెరికా ప్రభుత్వ రంగుల పట్టికలోది. అది దగ్గరి పోలికే కాబట్టి, మీరు దాచిన నమూనాతో పగటి వెలుగులో పోల్చి చూడండి. ఫోర్డ్ ఇంజను బూడిద రంగు. బాడీ బోల్టుల తలలు బాడీ రంగుతోనే ఉండాలి. 6.00-16 టైర్లు, 30–35 పౌండ్ల గాలి.

మొదటి పరుగులు

ఇంజను మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లను మళ్లీ అదే వరుసలో 60–65కు చూడండి, ట్యాపెట్లు కూడా. 15 కిలోమీటర్లు నడిపి ఆగి, నాలుగు హబ్బుల మీదా చెయ్యి వేయండి. మిగతావాటికన్నా ఒకటి వేడిగా ఉంటే బేరింగు బిగువుగా ఉందో, షూ రాసుకుంటోందో విప్పి చూడాలి. ఆ తర్వాత చక్రాల నట్లు, యు బోల్టులు, స్టీరింగు చేతి బోల్టు బిగించి, తొలి 800 కిలోమీటర్లకు ఇంజను ఆయిలు మార్చండి. తీసిన ఆయిల్‌ను తెల్లగుడ్డలో వడకట్టి, లోహపు పొడి ఉందేమో చూడండి.